గేటుకాడ రైలు నిలిచింది

పోయిన నెల బ్యాంకులో ఏదో కాగితం నింపుతుంటే, కౌంటరు అవతలి అబ్బాయి "సొంతూరేదమ్మా?" అని అడిగాడు. చెప్పాను. కంప్యూటర్లో వెతికి, "అది విడిగా ఊరు కాదమ్మా, ధర్మవరంలో ఒక ఏరియా" అన్నాడు. నాకు చురుక్కుమంది. పిల్లవాడి తప్పేం లేదు. ఇప్పుడు ఆ రోడ్డు మీద పోయేవాళ్ళకు పట్నం ఎక్కడ అయిపోయిందో, మా గేటు ఎక్కడ మొదలైందో తెలియదు. అంతా ఒకటే మిద్దెల వరస, ఒకటే మగ్గాల చప్పుడు. "అట్లే రాసుకో నాయనా" అని సంతకం పెట్టి వచ్చేశాను గానీ, ఇంటికొచ్చాక కూడా ఆ మాట లోపల గుచ్చుతూనే ఉంది. ఆ ఏరియా ఎట్లా పుట్టిందో ఆ అబ్బాయికి చెప్పాల్సింది. నా వెనకాల పెద్ద వరస ఉండింది కాబట్టి చెప్పలేకపోయాను. ఇక్కడ ఎవరూ తోసుకోవడం లేదు గనక చెబుతాను.

మేం గేటుకాడికి వచ్చేనాటికి నాకు తొమ్మిదేళ్ళుంటాయేమో. అంతకు ముందు కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో ఉండేవాళ్ళం. మాకు కొంచెం ఎర్రనేల ఉండేది. మూడేళ్ళు వరసగా చెనక్కాయ ఊడలు దిగే సమయానికి వాన మొహం చాటేసింది. మూడో ఏడు నాయన చేలోంచి ఒక చెట్టు పీకి తెచ్చి అవ్వ ముందర పడేశాడు. అవ్వ అంటే నాయనను కన్నతల్లి. వేళ్ళకు నాలుగు కాయలు వేలాడుతున్నాయి. ఆమె ఒక కాయ చిదిమి చూసింది. లోపల ఏమీ లేదు.

"ఇంగ ఈడ వద్దులేప్పా. నీ చేతిలో మగ్గం పని ఉండాది. పా, పోదాం" అంది.

నాయన చిన్నప్పుడు మేనమామ ఇంట్లో పట్టుమగ్గం నేర్చుకున్నాడు. ధర్మవరంలో ఒక షావుకారు మగ్గాల కొట్టంలో ఆయనకు నేత పని, అమ్మకు కండెలు చుట్టే పని దొరికాయి. ఇల్లే దొరకలేదు. పట్నం బాడుగలు మాకు అందేవి కావు. అందినచోట నీళ్ళు లేవు. చివరికి పట్నానికి ఐదు మైళ్ళ అవతల, రైలు గేటు పక్కన, ముళ్ళకంపలూ గుండ్లూ తప్ప మరేమీ లేని బీట్లో నాయన జాగా చూశాడు. ఏమీ పండని నేల కాబట్టి ఆ రైతు చవగ్గా ఇచ్చేశాడు. రాళ్ళు పేర్చి, మట్టి మెత్తి, పైన బండలు పరిచి ఒక గది లేపాం.

అక్కడే ఎందుకంటే, రైలువాళ్ళు ఎప్పుడో తవ్వించిన బావి ఒకటి గేటుకాడ ఉంది. దానికంటే ముఖ్యం, సాయంత్రం పట్నం నుంచి వచ్చే పాసింజరు అక్కడ ఎత్తు ఎక్కలేక రొప్పుతూ మనిషి నడకంత నెమ్మదిగా పోయేది. పొద్దున చల్లపూట పట్టాల వెంబడి నడిచి పనికి పోవచ్చు. సాయంత్రం, పది గంటలు మగ్గం గుంతలో కాళ్ళుపెట్టి నేసి వచ్చిన మనిషి, రైలెక్కి ఆ ఎత్తుకాడ దూకేయొచ్చు. ఆ రైలు ఆయాసమే మా ఊరికి పునాది.

మాది మొదటి ఇల్లు. ఏడాది తిరిగేసరికి ఆరయ్యాయి. మూడో ఏటికి ఇరవై దాటాయి. శింగనమల వైపు నుంచి ఒకరు, యాడికి నుంచి ఒకరు, ఎక్కడ పంట పోతే అక్కడి నుంచి ఒకరు. కొందరు మగ్గాలకు పోయేవాళ్ళు, కొందరు మార్కెట్లో మూటలు మోసేవాళ్ళు, ఒకాయన హోటల్లో వంటమనిషి. అందరికీ పని పట్నంలో, నిద్ర గేటుకాడ. మా వీధికి పేరు కూడా లేదు. ఎవరైనా అడిగితే "గేటుకాడ" అనేవాళ్ళం. అదే పేరైపోయింది.

గేటు కాసే ఆయన్ని పిల్లలందరం గేటు తాత అనేవాళ్ళం. సాయిబులాయన. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడేవాళ్ళు. ఆయన భార్య గేటు జేజి. ఆమె దగ్గర ఎప్పుడూ బెల్లం ఉండేది, ఆయన దగ్గర ఎప్పుడూ కోపం ఉండేది. ఒకసారి ఆయన ఆరేసుకున్న ఎర్రజెండా నేను ఎత్తుకొచ్చి నా గుడ్డబొమ్మకు చీర కట్టాను. మా అవ్వ దాన్ని చూసి, నన్ను చెవి పట్టుకొని ఈడ్చుకుపోయి ఆయన ముందర నిలబెట్టింది. తాత కొట్టలేదు. బొమ్మ ఒంటి మీద నుంచి జెండా మెల్లగా విప్పి, మడతలు సరిచేసి, "ఇది గుడ్డ కాదు పాపా. ఇది ఊపితే అంత పెద్ద ఇంజను నా మాట వింటాది. నా పెండ్లామే వినదు" అన్నాడు. గేటు జేజి లోపలి నుంచి ఏదో విసిరింది. గిన్నె అనుకుంటాను.

సాయంత్రం రైలు కోసం మేమంతా రైలు కట్ట కింద నిలబడేవాళ్ళం. ముందు బొగ్గు పొగ వాసన వచ్చేది. తర్వాత పెద్దవాళ్ళ ఒంటి నుంచి నానిన పట్టు వాసన, అద్దకం వాసన. ఆ తర్వాత, ఎవరి సంచిలోనైనా పొట్లం ఉంటే, బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీల వాసన. ఆ వాసన వచ్చినరోజు ఇంట్లో సంగటి ముద్ద మిగిలిపోయేది, అవ్వ తిట్టేది. ఆమె రోట్లో నూరే ఊరుబిండి పచ్చడి ముందర ఏ బజ్జీ నిలబడదని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు చెప్పలేదు.

మగవాళ్ళు దూకేవాళ్ళు. తర్వాత సంచులు పడేవి. తర్వాత ఆడవాళ్ళు. మా అమ్మ కుచ్చిళ్ళు పైకి దోపుకొని, మెట్టు మీద ఒంటికాలిపై నిలబడి, ఇసుక ఉన్నచోటు చూసి దూకేది. దూకేముందు ఆమె మొహంలో ఒక మార్పు వచ్చేది. పెదవులు లోపలికి పోయి, ఎవరో తెలియని మనిషిలా అయ్యేది. నేను కళ్ళు మూసుకొనేదాన్ని. ధబ్‌మన్న చప్పుడు విన్నాక తెరిచేదాన్ని.

ఒక సాయంత్రం ఆ చప్పుడు వేరేగా వినిపించింది. కళ్ళు తెరిచి చూస్తే అమ్మ కాదు, మూటతో వెనకబడిన నాయన. అవ్వ ఇంట్లో రాట్నం మీద తోడడానికి షావుకారు ఇచ్చిన పట్టు ఆయన చేతిలో ఉంది. మధ్యాహ్నం పడిన నాలుగు చినుకులకు కంకర జారుడుగా ఉండింది. ఆయన పడుతూ పడుతూ పట్టు మూటను రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. భుజం రాళ్ళకు కొట్టుకుంది. మూటకు మట్టి అంటలేదు. కుడిచెయ్యి మాత్రం లేవలేదు.

పుత్తూరు కట్టు కట్టించారు. మూడు నెలలు మగ్గం ముట్టొద్దన్నారు. అమ్మ ఒక్కతే పనికి పోయేది. నాయన గడప మీద కూర్చొని సాయంత్రం రైలు ఎత్తు ఎక్కే చప్పుడు వింటూ, అమ్మ కనిపించేదాకా ఊపిరి బిగబట్టేవాడు. ఆ నెలల్లోనే రెండు ఇళ్ళవాళ్ళు సామాన్లు బండికెత్తారు. "పట్నంలో చెట్టు కిందైనా ఉంటాం గానీ, దినామూ ఈ దూకుడు మా చేత కాదు" అన్నారు. ఇంకో నాలుగిళ్ళలో అదే మాట నలుగుతోంది. అమ్మ కూడా ఒకరోజు సంగటి కలుపుతూ, "అత్తా, మనమూ పోదామా?" అంది.

మర్నాడు అవ్వ గేటు తాతను పోయి అడిగింది. "ఏమన్నా, ఈ రైలుకు పెద్దాయన ఎవురు?"

"ఢిల్లీలో ఉంటాడు" అన్నాడు తాత.

"ఈ పక్కకు వచ్చే పెద్దాయనను చెప్పు."

పక్షానికోసారి పట్టాలు చూసుకుంటూ తోపుడు ట్రాలీ మీద ఒక ఆఫీసరు వచ్చేవాడు. నలుగురు మనుషులు పట్టాల మీద పరిగెత్తుతూ తోసేవాళ్ళు. పైన పెద్ద గొడుగు. గేటుకాడ నీళ్ళు తాగడానికి ఆగేవాళ్ళు. ఆయన కన్నడాయన. మేం ట్రాలీ సారు అనేవాళ్ళం. ఆ తూరి ఆయన వచ్చేసరికి అవ్వ కుండెడు మజ్జిగతో గేటుకాడ సిద్ధంగా ఉంది. ముందు తోసినవాళ్ళకు పోసింది. తర్వాత ఆయనకు.

"సామీ, సాయంత్రం రైలు ఈడ నిలబడల్ల" అంది, లోటా ఇంకా ఆయన నోటికాడ ఉండగానే.

ఆయన నవ్వాడు. "ఎత్తు మీద ఆపితే ఇంజను మళ్ళీ లాగలేదమ్మా. వెనక్కి జారుతుంది."

"అయితే యాడ నిలబడతాది?"

ఆయన ట్రాలీ దిగి గొడుగు కిందే నాలుగడుగులు నడిచాడు. గేటు దాటి, ఎత్తు అయిపోయాక, ఒక పర్లాంగు చదునుగా ఉంటుంది. దాన్ని చూపించాడు. "అక్కడైతే నిలబడుతుంది. కానీ పక్కన చూడు, అంతా పల్లం. మనుషులు దిగడానికి ప్లాట్‌ఫారం లేవాలి. అంత మట్టి పొయ్యాలంటే పైనుంచి ఉత్తర్వు రావాలి. ఇరవై ఇళ్ళకు ఎవరు ఇస్తారు?"

"మట్టి మేం పోసుకుంటే?"

ఆయన అవ్వను ఒకసారి పైనుంచి కిందిదాకా చూశాడు. ఎండిన చింతబరికె లాంటి మనిషి. "మీరు పొయ్యగలరా?"

"కరువు పనిలో చెరువుల పూడిక తీసినాం సామీ. రోడ్లకు కంకర కొట్టినాం. పక్కోళ్ళ రోడ్లు, పక్కోళ్ళ చెరువులు. మాకోసరం ఒక కట్ట ఎయ్యలేమా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "అర్జీ రాసివ్వండి. పైకి పంపిస్తాను. కాగితం వచ్చేదాకా మాత్రం పట్టాల పక్కన ఒక్క గంపెడు మట్టి కూడా వెయ్యకూడదు" అన్నాడు. "నేనుండాను కదా సార్, ఎయ్యనిస్తానా?" అన్నాడు గేటు తాత, మాకేదో శత్రువైనట్టు.

అర్జీ రాసే పని నా మీద పడింది. మా గేటుకాడ ఏడో తరగతికి వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే. పెద్దవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. ఒకరు "మహారాజశ్రీ అని మొదలుపెట్టు" అన్నారు. ఇంకొకరు "మా బాధలు సముద్రమంత అని రాయి" అన్నారు. సముద్రం చూసినవాళ్ళు మాలో ఎవరూ లేరు. అవ్వ, "అయన్నీ వద్దు. ఎవురెవురు ఏ పనికి పోతారు, ఎట్ల దూకుతారు, ఎవురికేం ఇరిగింది, అది రాయి" అంది. అట్లాగే రాశాను. కింద వేలిముద్రలు పడ్డాయి. గేటు జేజి రైలుమనిషి పెళ్ళామైనా వచ్చి తన ముద్ర కూడా వేసింది. తాత చూడనట్టు అటు తిరిగాడు.

మళ్ళీ వచ్చినప్పుడు ట్రాలీ సారు కాగితం అటూ ఇటూ తిప్పి, "నేను తెలుగు మాట్లాడతాను గానీ చదవలేను. రాసిందెవరు?" అన్నాడు. అవ్వ నన్ను ముందుకు తోసింది. పట్టాల పక్కన ఎండలో నిలబడి చదివాను. మొదట మెల్లగానే. "మా నాయన పేరు చివర ఉంది, ఆయన కుడిభుజం విరిగింది, ఆయన నేతగాడు" అనే చోటికి వచ్చేసరికి గొంతు దానంతటదే గట్టిపడింది. ట్రాలీ తోసే నలుగురూ తలగుడ్డలు విప్పి చేత పట్టుకొని విన్నారు. చదవడం అయ్యాక సారు కాగితం మడిచి, మిగతా కాగితాలుండే తన పుస్తకంలో పెట్టుకోలేదు. చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ తేడా నేను గమనించాను. పన్నెండేళ్ళ పిల్లకు అది చాలు, ఒక ఏడాదంతా తల ఎత్తుకొని తిరగడానికి.

కాగితం రావడానికి ఎండాకాలం దాకా పట్టింది. ఈలోగా నాయన భుజం అతికి మళ్ళీ మగ్గమెక్కాడు. నేత సాగింది గానీ చెయ్యి భుజం కంటే పైకి లేవదు. ఇక దూకడం కుదరక సాయంత్రం కూడా నడిచే వచ్చేవాడు.

ఉత్తర్వు తెచ్చిన రోజే సారు కట్ట హద్దుకు మేకులు కొట్టించి, ఒక కర్ర కొలిచి కోయించి గేటు తాత చేతికిచ్చాడు. పట్టాకు కట్టకు మధ్య ఆ కర్ర అడ్డంగా పట్టాలి, అంతకంటే దగ్గరకు ఒక్క రాయి రాకూడదు. తాత ఆ కర్రను తన కొడుకులా చూసుకున్నాడు.

పగలు ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ మట్టి తవ్వి మోసేవాళ్ళు. పనికిపోయేవాళ్ళు సాయంత్రం దూకి, ముఖం కడుక్కొని, వెలుగున్నంతసేపు మోసేవాళ్ళు. అమావాస్య నాడు మగ్గాలకు సెలవు. ఆ రోజు పట్నం నుంచి మా నాయన తోటి నేతగాళ్ళు కూడా వచ్చారు. జీవితమంతా పట్టుపోగులు ముట్టిన చేతులు, పార పట్టుకుంటే బొబ్బలెక్కాయి. హోటలు వంటమనిషి పెద్ద బోకిలో ఉగ్గాని కలిపాడు. గేటు జేజి బెల్లం పానకం చేసింది. మేం పిల్లలం నీళ్ళు చల్లి మట్టి తొక్కే పని చేశాం. తొక్కుతూ తొక్కుతూ ఒకరినొకరం బురదలో పడేసుకొని, ఇళ్ళకు పోతే గుర్తుపట్టలేని మొహాలతో తన్నులు తిన్నాం.

కట్ట నా నడుమంత ఎత్తు లేచిన నాడు, ఆ ఏటి మొదటి వాన పడింది. మామూలు వాన కాదు. మూడేళ్ళ బాకీ ఒక్క పూటలో తీర్చినట్టు కురిసింది. గంటలో మా కట్ట సగం పల్లంలోకి కారిపోయింది. అందరూ బండల ఇళ్ళ గడపల్లో నిలబడి చూస్తున్నారు. ఏడుద్దామంటే వాన. ఈ నేల మీద పుట్టినవాళ్ళకు వానను తిట్టే నోరు ఉండదు. అమ్మ కళ్ళలో నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి, వాననీళ్ళు పట్టడానికి బిందెలు బయట పెడుతూనే ఉంది.

వాన వెలిశాక అవ్వ బురదలో దిగి కట్ట చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. మా ఇంటి ముందర పంచ వెయ్యడానికి రెండేళ్ళుగా కూడబెట్టిన కట్టుడు రాళ్ళు ఉన్నాయి. వాటి ముందర ఆగింది.

"ఒట్టి మట్టి నిలబడదు. పక్కన రాయి కట్టల్ల. ఈ రాళ్ళు ఎత్తండి" అంది.

నాయన అడ్డం వచ్చాడు. "అమ్మా, ఎండకు కూర్చునేదానికి నీడ లేదని నువ్వే కదా పంచ అడిగింది!"

"ఎండ నాకేం కొత్తనా? ఎత్తురా."

నాయన తన ఎడమచేత్తో మొదటి రాయి పొర్లించాడు. ఆ సాయంత్రానికి ప్రతి ఇంటి ముందర నుంచీ రాళ్ళు కదిలాయి. ఒకరు వంటింటి గోడకు తెచ్చుకున్నవి, ఒకరు బాతురూముకు తెచ్చుకున్నవి. వెళ్ళిపోదామని సామాను సగం కట్టుకున్న నాలుగిళ్ళవాళ్ళు కూడా ఇచ్చారు. రాయి ఇచ్చాక వాళ్ళు ఇక ఎక్కడికి పోతారు?

రైలు నిలబడిన మొదటి సాయంత్రం మా వాకిళ్ళన్నీ ఖాళీ. అందరం కట్ట మీదే ఉన్నాం. ముందర గేటు తాత, ఇస్త్రీ చేసిన చొక్కాతో. ఇంజను ఎత్తెక్కుతున్న చప్పుడు వినిపించింది. నాకు లోపల ఒకటే భయం, డ్రైవరు మరిచిపోతే? ఎప్పటిలా నెమ్మదిగా పోయి, ఎప్పటిలా వేగం అందుకుంటే? ఇంజను మా ముందు నుంచి పోయింది. ఒక పెట్టె పోయింది. రెండోది పోయింది. అప్పుడు చక్రాలు కీచుమన్నాయి. అంత పెద్ద రైలు, ఎక్కడెక్కడి మనుషులనో మోసుకొని పోయే రైలు, మా ఇరవై ఇళ్ళ కోసం నిలబడింది.

మా అమ్మ తలుపుకాడ కనిపించింది. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి కుచ్చిళ్ళ దగ్గరికి పోయింది. అక్కడే ఆగింది. కుచ్చిళ్ళు వదిలేసి, కొప్పు సరిచేసుకొని, ఒక మెట్టు, ఇంకొక మెట్టు దిగి, మా రాళ్ళ మీద పాదం పెట్టింది. నేను కళ్ళు మూసుకోలేదు. ఆమె వెనకాల నాయన దిగాడు, మంచి చేత్తో కమ్మీ పట్టుకొని, తాపీగా. అవ్వ కట్ట అంచున కూర్చొని, తాను ఇచ్చిన రాళ్ళలో ఒకదాన్ని అరిచేత్తో తడుముతూ ఉండిపోయింది.

ఆ తర్వాత ఊరు పెరగడం మా కళ్ళ ముందే జరిగింది. పొద్దున రైలు కూడా ఆగడం మొదలుపెట్టింది. పట్నంలో బాడుగలు కట్టలేనివాళ్ళు, పల్లెల్లో పంట పోయినవాళ్ళు, చివరికి పట్నంలో సొంత ఇల్లున్నవాళ్ళు కూడా జాగాల కోసం వచ్చారు. ఒక టీ అంగడి, ఒక అద్దకం షెడ్డు, ఒక బడి, ఒక మసీదు, ఒక చౌడమ్మ గుడి. నాయన సొంత మగ్గం వేసుకున్నాడు. ఆ భుజంతోనే నేశాడు. ఆయన నేసిన చీర కట్టుకొనే నా పెళ్ళి జరిగింది. పంచ మాత్రం మాకు ఇంకో ఆరేళ్ళకు గానీ లేవలేదు.

కొన్నేళ్ళకు చిన్న లైను తీసి పెద్ద లైను వేశారు. ప్లాట్‌ఫారం ఎత్తు పెంచి సిమెంటు పోశారు. పాతది పగలగొట్టబోతే, వచ్చిన ఇంజనీరు దాన్ని పరీక్షగా చూసి, గట్టిగానే ఉంది, దీని మీదే పొయ్యండి అన్నాడట. ఆ మాట విన్నరోజు నాయన అవ్వను పిలిచి రెండుసార్లు చెప్పాడు. మా రాళ్ళు ఇప్పటికీ లోపల ఉన్నాయి. బొగ్గు ఇంజన్లు పోయాయి. గేటు తాత పోయాడు. గేటు తీసేసి కింద వంతెన వేశారు. ఇంత జరిగినా ఆ పేరు మాత్రం మారలేదు.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. అంత చేసిన మా అవ్వ, ఏళ్ళ తరబడి ఒక్కసారి కూడా రైలెక్కలేదు. పట్నంలో ఆమెకు పని లేదు. పెద్ద లైను పని మొదలవుతుందనగా ఒకరోజు నేను మొండికేసి ఆమెను పొద్దున రైల్లో ధర్మవరం తీసుకుపోయాను. మగ్గాల వీధులు తిప్పాను, సినిమాహాలు చూపించాను, హోటల్లో దోసె తినిపించాను. సాయంత్రం రైల్లో కిటికీ పక్కన నిటారుగా కూర్చుంది. గేటుకాడ రైలు నిలబడ్డాక, నా చెయ్యి కూడా పట్టుకోకుండా దిగి, కట్ట మీద నిలబడి, రైలు పూర్తిగా వెళ్ళిపోయేదాకా చూసింది.

"ఎట్లుందవ్వా పట్నం?" అని అడిగాను.

"ఆడ ఏముండాదో నాకు తెలీదు గానీ," అంది అవ్వ, "ఈడ దిగడం బాగుండాది."